సరి సంఖ్యలు లేని స్వరలోకం: బోలెన్–పియర్స్ శ్రేణి చరిత్ర

సప్తస్వరాలు షడ్జంతో మొదలై నిషాదం దాటగానే మళ్ళీ షడ్జాన్నే చేరుకుంటాయి. ఆ రెండో షడ్జం మొదటిదాని కన్నా ఎంతో హెచ్చుగా పలికినా దానికి వేరే పేరు పెట్టే అవసరం రాలేదు, ఎందుకంటే ఒకే పాటను స్త్రీ పురుషులు కలిసి పాడినప్పుడు ఇద్దరి గొంతులూ వేర్వేరు ఎత్తుల్లో పలుకుతున్నా వినేవారికి అది ఒకే స్వరంగా తోస్తుంది. పౌనఃపున్యం, అంటే సెకనులో జరిగే కంపనాల సంఖ్య, సరిగ్గా రెట్టింపు అయినప్పుడు కలిగే ఈ అనుభవాన్నే కర్ణాటక సంగీతం స్థాయి అనీ హిందుస్తానీ సంగీతం సప్తకమనీ పాశ్చాత్య సంగీతం ఆక్టేవ్ అనీ వ్యవహరిస్తున్నాయి. పేర్లు వేరైనా మూడింటికీ ఆధారం 2:1 అనే ఒకే నిష్పత్తి.

ఈ ఆధారాన్ని పక్కన పెట్టి, దాని స్థానంలో 3:1 నిష్పత్తిని నిలిపి, ఆ మేరను 13 సమాన భాగాలు చేసిన ఒక స్వరశ్రేణి 20వ శతాబ్దపు చివరి మూడు దశాబ్దాలలో రూపుదిద్దుకుంది. దాన్ని కనుగొన్నవారిలో ఇద్దరి పేర్ల మీదుగా దానికి బోలెన్–పియర్స్ శ్రేణి అనే పేరు స్థిరపడింది. తెలుగు సంగీత పరిభాషలో చెప్పాలంటే ఈ శ్రేణిలో ప్రయాణం షడ్జం నుంచి తార షడ్జానికి కాక, షడ్జం నుంచి తార స్థాయి పంచమానికి సాగుతుంది. తార షడ్జం దారిలో ఎక్కడా తగలదు. కాగితం మీద పుట్టిన ఈ స్వరాలు కచేరీ వేదిక మీదికి చేరడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది, ఆ వ్యవధిలోనే ఈ చరిత్ర సారమంతా ఉంది: స్వరాలను గణితం చూపించగలదు గాని, వాటిని సంగీతం చేయడానికి వాద్యమూ, దాన్ని తయారుచేసే చేతులూ, వాయించేవారి సాధనా, వినేవారి అలవాటూ కలిసి రావాలి.

స్థాయి బలం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే గాని దాన్ని విడిచిపెట్టడంలోని సాహసం అర్థం కాదు. తీగను మీటినప్పుడు అది ఒక్క పౌనఃపున్యంతోనే కంపించదు. దాని ప్రాథమిక పౌనఃపున్యానికి 2, 3, 4, 5 రెట్లుగా పెరుగుతూ పోయే మరికొన్ని ధ్వనులు కూడా అందులో ఇమిడి ఉంటాయి. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు వీటిని అనుస్వరాలు అంటాయి. శ్రుతి చక్కగా కుదిరిన తంబురలో ఎవరూ మీటని గాంధారం వినిపించడం సంగీత విద్యార్థులందరికీ తెలిసిన అనుభవమే, అది షడ్జపు తీగ ఐదో అనుస్వరంగా పలికే అంతర గాంధారం. విజయనగర కాలపు శాస్త్రకారుడు రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో స్వయంభూ స్వరాలను ప్రమాణంగా తీసుకుని వీణ మెట్ల అమరికను నిరూపించాడు. తీగలో తమంతట తామే పుట్టే స్వరాలను మనిషి చేసే అమరికకు సాక్ష్యంగా నిలబెట్టడం ఆ ఆలోచనలోని గొప్పతనం, నాలుగు శతాబ్దాల తరువాత వచ్చిన బోలెన్–పియర్స్ శ్రేణి కూడా వేరే దారిలో అదే సాక్ష్యాన్ని ఆశ్రయించింది.

అనుస్వరాలలో మొదట వచ్చే రెండో అనుస్వరం తార షడ్జం, ఆ తరువాతి మూడోది తార పంచమం. ఈ రెండింటినీ శుద్ధంగా నిలుపుకుంటూ స్వరాలన్నిటినీ కూర్చాలన్న ప్రయత్నంలో ఒక చిక్కు ఎదురవుతుంది. షడ్జం నుంచి 3:2 నిష్పత్తితో పంచమాన్నీ, దాని నుంచి దాని పంచమాన్నీ పట్టుకుంటూ 12 అంగలు వేస్తే, 7 స్థాయిలు దాటిన తరువాత మొదటి షడ్జానికి సమీపంగా చేరుకుంటామే గాని సరిగ్గా దాని మీదికి రాము, సుమారు 23.5 సెంట్లు మిగిలిపోతాయి. సెంటు అనేది స్వరాంతరాలను కొలవడానికి బ్రిటన్‌కు చెందిన అలెగ్జాండర్ జాన్ ఎలిస్ 1885లో ప్రచారంలోకి తెచ్చిన కొలమానం. స్థాయిలో 1200వ వంతుకు అది సమానం. మిగిలిన ఆ కాస్త తేడాను స్వరాలన్నిటికీ పంచి, ప్రతి పంచమాన్నీ సుమారు 2 సెంట్ల మేర తగ్గించి, స్థాయిని 12 సమాన భాగాలుగా చేయడమే నేటి పియానో, హార్మోనియంలలో కనిపించే సమ విభజన పద్ధతి. శుద్ధ నిష్పత్తులను ఇలా కొంత సడలించి శ్రుతి చేసే విధానాన్ని పాశ్చాత్యులు టెంపర్మెంట్ అంటారు. చైనాలో జూ జాయ్యూ 1584లోనూ, దాదాపు అదే కాలంలో ఐరోపాలో సైమన్ స్టెవిన్ కూడా ఈ సమ విభజనకు గణితం సమకూర్చారు. ఈ మార్గాలన్నిటిలో సడలింపు స్వరాలకే గాని స్థాయికి కాదు, స్థాయి మాత్రం ముట్టుకోరాని సరిహద్దుగానే ఉండిపోయింది.

ఆ సరిహద్దును 20వ శతాబ్దంలో ఎలక్ట్రానిక్ ధ్వని దాటించింది. తీగ, గొట్టం, చర్మం అవసరం లేకుండా ఏ పౌనఃపున్యాన్నైనా కోరిన విధంగా పుట్టించే వీలు కలిగాక, స్వరాల అమరికను వాద్యం నిర్మాణం శాసించే కాలం ముగిసింది. జర్మన్ స్వరకర్త కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజన్ 1954లో కొలోన్ రేడియో స్టూడియోలో కూర్చిన 'స్టుడియే 2' అనే కృతిలో 5:1 నిష్పత్తిని 25 సమాన భాగాలు చేసి, ఆ శ్రేణి నుంచి 81 స్వరాలను వాడారు. అందులోని ఒక్కో మెట్టు సుమారు 111.5 సెంట్లు కనుక 12 సమ విభాగాల శ్రేణికి పక్కనే నడుస్తున్నట్టు ఉంటుంది గాని స్థాయిని ఎక్కడా తాకదు. అయితే ఆ అమరిక ఆ ఒక్క కృతి అవసరం కోసం పుట్టింది. స్థాయి లేని శ్రేణిలోనూ సంవాదం, అంటే స్వరాలు ఒకదానితో ఒకటి కలిసి హాయిగా పలికే గుణం, సాధ్యమేనా అన్న ప్రశ్నకు అది సమాధానం వెతకలేదు.

ఆ ప్రశ్నను వేసిన హైంజ్ బోలెన్ వృత్తిరీత్యా సంగీతజ్ఞుడు కాదు, సూక్ష్మతరంగ సాధనాల ఇంజినీరు. 1970ల తొలి సంవత్సరాల్లో ఆయన హాంబర్గ్‌లోని సంగీత ఉన్నత విద్యాలయం విద్యార్థుల కచేరీలను రికార్డు చేసి పెట్టేవారు. సంగీతమంతా 12 స్వరాల చట్రంలోనే ఎందుకు ఉండాలన్న సందేహం ఆయనను వదలలేదు. స్వరాంతరాల వెనుక ఉన్న నిష్పత్తులను పరిశీలిస్తూ ఆయన పాశ్చాత్య సంగీతానికి ఆయువుపట్టు అయిన మేజర్ త్రిస్వరాన్ని, అంటే షడ్జం, అంతర గాంధారం, పంచమం కలిసి మోగే సమ్మేళనాన్ని, ఆధారంగా తీసుకున్నారు. దాని నిష్పత్తి 4:5:6, అందులో ఒక సంఖ్యకూ మరో సంఖ్యకూ తేడా సమానం. రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు వాటి పౌనఃపున్యాల తేడాకు సమానమైన మరో మంద్రమైన ధ్వని చెవిలో పుడుతుంది కనుక, సమానమైన తేడాలు ఉన్న సమ్మేళనం ఒక్కటిగా ముద్దకట్టి వినిపిస్తుంది. అదే గుణం గల మరో త్రిస్వరం కోసం వెతికిన బోలెన్‌కు 3:5:7 కనిపించింది. మూడూ బేసి సంఖ్యలే కావడం వల్ల ఈ సమ్మేళనానికి 2:1 నిష్పత్తితో ఏ సంబంధమూ లేదు. దానికి సహజమైన సరిహద్దు 3:1.

కర్ణాటక స్వరాల పక్కన పెట్టి చూస్తే ఈ సమ్మేళనం స్వరూపం సులువుగా బోధపడుతుంది. 3ను షడ్జంగా తీసుకుంటే 5 చతుశ్శ్రుతి ధైవతం అవుతుంది, 7 తార స్థాయిలో చతుశ్శ్రుతి రిషభానికీ సాధారణ గాంధారానికీ నడుమ, ఏ మెట్టుకూ అందని చోట నిలుస్తుంది. పరిచితమైన ఒక స్వరం, అపరిచితమైన మరో స్వరం ఇలా జంటగా రావడమే ఈ శ్రేణి తొలిసారి విన్నవారికి కలిగే వింత అనుభూతికి మూలం.

3:1 నిష్పత్తి విలువ సుమారు 1902 సెంట్లు. దాన్ని 13 సమాన భాగాలు చేస్తే ఒక్కో మెట్టు 146.3 సెంట్లు, అంటే హార్మోనియం మీద పక్కపక్కన ఉండే రెండు మెట్ల మధ్య దూరానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. 13 అనే సంఖ్య యాదృచ్ఛికంగా రాలేదు. ఆరో మెట్టు 5:3 నిష్పత్తికి 6.5 సెంట్ల తేడాతోనూ, పదో మెట్టు 7:3 నిష్పత్తికి 4 సెంట్ల లోపు తేడాతోనూ, నాలుగో మెట్టు 7:5 నిష్పత్తికి 3 సెంట్ల లోపు తేడాతోనూ చేరువవుతాయి. పియానో మీది అంతర గాంధారం శుద్ధమైన 5:4 నిష్పత్తికి దాదాపు 14 సెంట్లు ఎక్కువగా పలుకుతుందని గుర్తుంచుకుంటే, తన శుద్ధ నిష్పత్తులకు ఈ కొత్త శ్రేణి ఎంత నమ్మకంగా కట్టుబడిందో తెలుస్తుంది. మరోవైపు ఎనిమిదో మెట్టు తార షడ్జానికి సుమారు 30 సెంట్లు తక్కువగా, ఐదో మెట్టు పంచమానికి అంతే ఎక్కువగా పడతాయి కనుక, వేల ఏళ్లుగా సంగీతానికి రెండు కళ్లలా ఉన్న షడ్జ పంచమాల సంబంధం ఇందులో ఉండదు. 13 స్వరాల నుంచి 9 స్వరాలను ఏరి మేళాల వంటి అమరికలను కూడా బోలెన్ ప్రతిపాదించారు, వాటికి గ్రీకు అక్షరాల పేర్లు వచ్చాయి; లాంబ్డా అనే అమరిక వాటిలో ప్రముఖమైనది. ఆయన సిద్ధాంతం 1978లో 'అకుస్టికా' అనే ధ్వనిశాస్త్ర పత్రికలో వెలువడింది.

అదే 1978లో నెదర్లాండ్స్‌కు చెందిన కేస్ ఫాన్ ప్రోయెన్ సమ విభాగ శ్రేణుల గణితాన్ని పరిశీలిస్తూ, బోలెన్ పనితో సంబంధం లేకుండానే ఈ 13 మెట్ల శ్రేణిని చేరుకున్నారు. ఆరేళ్ల తరువాత 1984లో అమెరికాలో జాన్ పియర్స్ మూడోసారి దాన్ని కనుగొన్నారు. పియర్స్ బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన ప్రసిద్ధ ఇంజినీరు, ట్రాన్సిస్టర్ అనే పేరు పెట్టినవారు, తొలి సమాచార ఉపగ్రహాల రూపకల్పనలో ముఖ్యులు. కోరిన శ్రేణికి తగినట్టు అనుస్వరాలను కంప్యూటర్‌తో జరిపితే ఆ శ్రేణిలోనూ సంవాదం సాధించవచ్చునని ఆయన 1966లోనే ఒక పరిశోధన వ్యాసంలో నిరూపించారు కనుక, స్థాయి లేని సంవాదం ఆయనకు కొత్త ఆలోచన కాదు. కంప్యూటర్ సంగీతానికి ఆద్యుడైన మాక్స్ మాథ్యూస్, లిండా రాబర్ట్స్‌లతో కలిసి ఆయన ఈ శ్రేణిని శ్రోతలపై పరీక్షించారు. దీనిపై వారి విస్తృతమైన వ్యాసం 1988లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో వచ్చింది. 3:1 మేరకు ట్రైటేవ్ అనే పేరు పెట్టినవారు కూడా పియర్సే. తనకంటే ముందు బోలెన్ ఈ దారిలో నడిచారని తెలిశాక ఆ శ్రేణికి ఇద్దరి పేర్లూ కలిసి నిలిచాయి.

ఒకరి పని ఒకరికి తెలియని ముగ్గురు, మూడు వేర్వేరు దారుల్లో నడిచి, ఒకే చోట కలుసుకోవడం ఈ శ్రేణి ఒక వ్యక్తి ఊహ మాత్రమే కాదని రుజువు చేస్తుంది. బేసి నిష్పత్తులను ఆధారం చేసుకుని సమ విభజన వెతికే ఎవరికైనా 13 దగ్గర ఆగవలసిన బలమైన కారణం సంఖ్యల్లోనే ఉంది. 1980లలోనే అమెరికన్ స్వరకర్త వెండీ కార్లోస్ కూడా స్థాయిని విడిచిన ఆల్ఫా, బీటా, గామా అనే మూడు శ్రేణులను కూర్చి, 1986లో వెలువరించిన 'బ్యూటీ ఇన్ ది బీస్ట్' ఆల్బమ్‌లో వాడారు. ఆల్ఫా శ్రేణిలో మెట్టు సుమారు 78 సెంట్లు. అయితే కార్లోస్ శ్రేణులు 3:2, 5:4 వంటి పాత సంవాదాలను మరింత శుద్ధంగా పలికించడానికే స్థాయిని వదులుకున్నాయి. పాత సంవాదాలనే వదిలి కొత్త సంవాదాలను వెతకడం బోలెన్–పియర్స్ శ్రేణి ప్రత్యేకత.

సంఖ్యల్లో దొరికిన ఈ శ్రేణి చెవికి చేరడంలో అసలైన అడ్డంకి ఎదురైంది. 3:1 మేర పూర్తయినప్పుడు మళ్ళీ అదే స్వరానికి వచ్చామన్న అనుభవం కలగాలని సిద్ధాంతం కోరుతుంది, కాని వీణలోనో పియానోలోనో షడ్జం తరువాత తార పంచమం మోగితే వినేవారికి అది పంచమంగానే తోస్తుంది. ఆ వాద్యాల ధ్వనిలో సరి, బేసి అనుస్వరాలు రెండూ నిండుగా ఉండటం, వాటిలోని రెండో అనుస్వరం స్థాయిని అడుగడుగునా గుర్తుచేస్తూ ఉండటం దీనికి ఒక ముఖ్య కారణం. బేసి అనుస్వరాలు మాత్రమే ఉన్న ధ్వనిలో పరిస్థితి తారుమారవుతుంది. అటువంటి స్వరానికి 1, 3, 5, 7, 9 రెట్ల అనుస్వరాలు ఉంటాయి. దానికి మూడు రెట్ల ఎత్తున ఉన్న స్వరపు అనుస్వరాలు 3, 9, 15 రెట్ల దగ్గర పడి, మొదటి స్వరంలో పూర్తిగా కలిసిపోతాయి. రెట్టింపు ఎత్తున ఉన్న స్వరపు అనుస్వరాలు మాత్రం 2, 6, 10 రెట్ల దగ్గర పడి, ఒక్కటి కూడా కలవవు. అంటే బేసి ధ్వని లోకంలో స్థాయి పొందిన గౌరవమంతా 3:1 నిష్పత్తికి దక్కుతుంది.

ఇటువంటి ధ్వనిని సహజంగా ఇచ్చే వాద్యం ఒకటి అప్పటికే రెండున్నర శతాబ్దాలుగా వాడుకలో ఉంది. 18వ శతాబ్దపు తొలి రోజుల్లో న్యూరెంబర్గ్ నగరంలో యోహాన్ క్రిస్టఫ్ డెన్నర్ చేతుల్లో రూపొందిందని చెప్పే క్లారినెట్, తెలుగువారికి పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళాల ద్వారా చిరపరిచితమైనదే. దాని గొట్టం పొడవునా దాదాపు ఒకే వెడల్పుతో ఉంటుంది, రీడు ఉన్న చివర మూసిన గొట్టంలా ప్రవర్తిస్తుంది. మూసిన గొట్టంలో బేసి అనుస్వరాలే పుడతాయన్నది ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో ప్రతి విద్యార్థీ చదివే సూత్రం. వేణువు తెరిచిన గొట్టంలా పనిచేస్తుంది, సన్నాయి గొట్టం కిందికి పోయే కొద్దీ శంకువులా విప్పారుతుంది, అందువల్ల ఆ రెండింటిలో ఊపిరి బిగించి పై స్వరాలకు పోతే స్థాయి మారుతుంది. క్లారినెట్‌లో మాత్రం స్వరం తార షడ్జాన్ని దాటి నేరుగా తార పంచమానికి ఎగురుతుంది. మామూలు క్లారినెట్ వాద్యకారులు ఎప్పటి నుంచో శ్రమపడి అలవాటు చేసుకుంటున్న ఈ ఇబ్బందే బోలెన్–పియర్స్ శ్రేణికి వరమైంది. పాత క్లారినెట్‌లో కింది ధ్వని మేర నుంచి పై మేరకు చేరడానికి 19 మెట్లను రంధ్రాలతో, మీటలతో నింపాలి, కొత్త శ్రేణికి 13 చాలు, పై మేరలో అవే వేళ్ల అమరికలు మళ్ళీ అవే స్వరాలను ఇస్తాయి.

ఈ సంబంధం సిద్ధాంతంలో కనబడుతున్నా వాద్యం మాత్రం చాలా కాలం తయారు కాలేదు. బోలెన్ తన శ్రేణి కోసం ఒక ఎలక్ట్రానిక్ ఆర్గన్‌ను నిర్మించుకున్నారు. 1980ల చివరి నుంచి రిచర్డ్ బూలాంజే, చార్లెస్ కార్పెంటర్ వంటి స్వరకర్తలు ఈ శ్రేణిలో చేసిన రచనలు ఎలక్ట్రానిక్ ధ్వనుల ఆధారంగా నడిచాయి. కెనడాలోని ఒంటారియోలో క్లారినెట్లు తయారుచేసే స్టీఫెన్ ఫాక్స్, భౌతికశాస్త్రం కూడా అభ్యసించినవారు కావడంతో, రంధ్రాల స్థానాలనూ పరిమాణాలనూ మొదటి నుంచి లెక్కకట్టి 2006 నాటికి తొలి బోలెన్–పియర్స్ క్లారినెట్‌ను చేతికి అందించారు. 2008లో ఒంటారియోలోని గెల్ఫ్‌లో ఆ వాద్యాలతో బహిరంగ కచేరీ జరిగింది. 2010 మార్చిలో బోస్టన్ నగరంలో ఈ శ్రేణికే అంకితమైన సదస్సు స్వరకర్తలనూ పరిశోధకులనూ వాద్యకారులనూ ఒక చోట చేర్చింది.

ఈ చరిత్రలో మనసును అన్నిటికంటే కదిలించే మలుపు హాంబర్గ్‌కు తిరిగి రావడం. ఏ విద్యాలయం కచేరీలను రికార్డు చేస్తూ ఒక ఇంజినీరు తన సందేహాన్ని పెంచుకున్నారో, అదే విద్యాలయంలో స్వరకర్త గియోర్గ్ హైడు ఈ శ్రేణికి అండగా నిలిచారు, క్లారినెట్ వాద్యకారిణి నోరా లూయిజ్ ముల్లర్ అక్కడే ఈ వాద్యంపై డాక్టరేట్ పరిశోధన చేశారు. 12 స్వరాల కోసం పుట్టిన ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి ఈ శ్రేణిని మోయలేదు కనుక, వారు తోటి పరిశోధకులతో కలిసి ఆరు గీతల స్వరలిపిని రూపొందించారు. కొత్త లిపి అన్నది చిన్న విషయం కాదు, చదివి వాయించగలిగిన సంగీతమే ఒక చేతి నుంచి మరో చేతికి అందుతుంది. 1970ల నాటి సందేహానికి 2016లో మరణించేలోగా బోలెన్ తన కళ్లతోనే ఇంతటి ఫలితాన్ని చూడగలిగారు.

వినేవారి చెవి మాటేమిటన్న ప్రశ్నకు మనస్తత్వ పరిశోధన కొంత సమాధానం ఇచ్చింది. సైకీ లూయీ, డేవిడ్ వెసెల్, కార్లా హడ్సన్ కామ్ 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఈ శ్రేణిని ముందెన్నడూ వినని శ్రోతలకు ఒక నియమం ప్రకారం కూర్చిన స్వరపంక్తులను సుమారు అరగంట పాటు వినిపించారు. కొన్ని పంక్తులనే పదే పదే విన్నవారు వాటిని గుర్తుపట్టి ఇష్టపడ్డారు, వందల కొద్దీ వేర్వేరు పంక్తులు విన్నవారు ఆ నియమాన్నే పట్టుకుని, అంతకు ముందు వినని పంక్తుల్లో కూడా దాన్ని గుర్తించారు. కొత్త స్వరలోకపు వ్యాకరణాన్ని నేర్చుకునే శక్తి మనిషి చెవికి ఉందనీ, దానికి కావలసింది వినిపించే వైవిధ్యమేననీ ఈ ఫలితం తెలుపుతుంది. తంబుర ముందు కూర్చున్న పిల్లలకు మీటని గాంధారం మొదటి రోజే వినబడదు, నెలల తరబడి విన్నాక ఒక రోజు వినబడుతుంది, ఆ తరువాత దాన్ని వినకుండా ఉండలేరు. బోలెన్–పియర్స్ స్వరాలు కూడా అదే విధంగా, సంఖ్యల్లో ఎప్పటి నుంచో ఉండి, ఒక ఇంజినీరు సందేహం ద్వారా, ఒక పనివాడు చెక్కిన గొట్టం ద్వారా, ఆ గొట్టంలోకి ఊపిరి పోసినవారి సాధన ద్వారా వినికిడిలోకి వచ్చాయి.